యూఫ్రోజినా అత్తయ్య రొట్టె సంచి

యూఫ్రోజినా అత్తయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. రొట్టె ఎండబెట్టడం.

లోకంలో అందరూ రొట్టె మెత్తగా ఉన్నప్పుడు తింటారు. ఆవిడకి మెత్తటి రొట్టె కనిపిస్తే చాలు, పచ్చికాయని తొందరపడి కోసేసినంత బాధ కలిగేది. వేలెడేసి ముక్కలు కోసి, గదిని వెచ్చబెట్టే పెంకుల పొయ్యి మీద పరిచి, రాళ్లయ్యేదాకా ఎండబెట్టి, నారసంచిలో పోసి, మూతికి తాడు బిగించి, తలుపు వెనక కొక్కేనికి వేలాడదీసేది. ఎప్పుడు చూసినా అక్కడ మూడు సంచులు ఉండాల్సిందే.

హలీనా ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మర్నాడే తలుపు తీయబోతే ఒక సంచి నెత్తిమీద పడింది.

"అత్తయ్యా, ఇవెందుకు?"

"వాళ్లొచ్చి తలుపు కొడితే అరగంటే టైమిస్తారు. అరగంటలో రొట్టె ఎండదు."

"ఎవరొస్తారు?"

"నాకేం తెలుసు? తూర్పు నుంచైతే రష్యావాళ్లు, పడమర నుంచైతే జర్మన్లు. కిందటిసారి ఇద్దరూ ఒకే నెలలో వచ్చారు."

హలీనా మొగుడు జెనెక్‌కి యూఫ్రోజినా మేనత్త. వాడి అయిదో ఏట, పందొమ్మిది వందల నలభై ఫిబ్రవరిలో, తూర్పున ఉన్న వాళ్ల ఊళ్లో రష్యా సైనికులు తలుపు కొట్టారు. అరగంటలో బండెక్కించి, అటు నుంచి పశువుల రైలెక్కించి సైబీరియా తోలారు. తండ్రి అడవిలో చెట్లు కొడుతూ పోయాడు. తల్లి రైల్లోనే పోయింది. ఆరేళ్ల తర్వాత అత్త, మేనల్లుడు ఇద్దరే వెనక్కి వచ్చేసరికి వాళ్ల ఊరు వేరే దేశంలో ఉంది. యుద్ధం అయ్యాక సరిహద్దులు మారి దేశం పడమటికి జరిగింది గనక మీరూ జరగండి అని, జర్మన్లని పంపించేస్తున్న స్టారా గూరా అనే ఈ ఊళ్లో ఈ ఇల్లిచ్చారు.

ఊళ్లో అందరిదీ ఇదే కథ. అందుకే ఇరవై ఏడేళ్లుగా ఎవరూ ఇల్లు బాగు చేయించుకోలేదు. జర్మన్ ఎప్పుడో వచ్చి నా ఇల్లు నాకిమ్మంటాడు, వాడి కప్పుకి మన డబ్బులెందుకు అని లెక్క. హలీనా మంచం పక్కన కప్పు కారేది. పిల్లలిద్దరూ చెమ్మకి దగ్గుతుంటే ఆవిడ బాల్చీ అటూ ఇటూ జరుపుతూ, "పెంకులు మార్చవయ్యా" అని మొగుణ్ణి పోరేది. "అత్తయ్య సంచులు దింపిన రోజు మారుస్తా" అనేవాడు జెనెక్.

సంచులు దిగలేదు సరిగదా, ఊరు మొత్తానికీ ఆ పొయ్యి రేడియో అయిపోయింది. ఎండురొట్టె వాసన కాస్త ఘాటుగా వస్తే, అత్తయ్యకి ఏదో తెలిసిందని జనం దుకాణానికి పరిగెత్తేవాళ్లు. ఒక ఏడు కోతల పండక్కి దుకాణంవాడు పొరపాటున రెండింతలు రొట్టె తెప్పించి, మిగిలింది ఆవిడకి ఊరికే ఇచ్చేశాడు. ఆవిడ మూడు రోజులు పొయ్యి ఆర్పలేదు. రెండోరోజుకి ఊళ్లో ఉప్పు లేదు, అగ్గిపెట్టెల్లేవు. మూడోరోజు గ్రామపెద్ద మ్రోజ్ ఇంకా బలవని పందిని కోసి ఉప్పులో వేసేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నిజం చెప్పు యూఫ్రోజినా, ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. రొట్టె ఎక్కువొచ్చింది."

"నా పందో?"

"నీ పంది తొందరపడింది."

అయినా ఊరి నమ్మకం సడల్లేదు. రేడియో అయినా అబద్ధం చెబుతుందిగానీ ఆవిడ పొయ్యి చెప్పదు అనుకునేవాళ్లు.

హలీనాకి అంతుపట్టనిది ఒకటే. అప్పుడప్పుడు ఒక సంచి మాయమయ్యేది. ఊరి డాక్టరు స్టెర్న్‌ఫెల్డ్‌ని, యూదుడివి నువ్వెక్కడికైనా పో అని ఉద్యోగం పీకేసి దేశం దాటించిన ఏడు కూడా ఒకటి పోయింది.

"ఎలుకలు" అంది అత్తయ్య.

"సంచితో సహానా?"

"పెద్ద ఎలుక."

డెబ్భై మూడు జులైలో అసలు తలుపు చప్పుడు రానే వచ్చింది. జర్మనీతో ఒప్పందాలు కుదిరాక, పాత ఇళ్లు చూసుకోవడానికి జర్మన్లు కార్లలో రావడం మొదలైంది. పక్క ఊళ్లో ఒకడు గేటు పట్టుకుని ఏడుస్తుంటే, ఇంట్లోవాళ్లు బంగాళాదుంపల గోతిలో దాక్కున్నారట. ఒక మధ్యాహ్నం తెల్లకారు హలీనా గుమ్మం ముందు ఆగింది. నలభై ఏళ్లావిడ దిగింది. అప్పటికే ఊరంతా కంచెల మీదకి ఎక్కింది.

హలీనా గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. పన్నెండేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు, వెళ్లాల్సి వస్తే ఎక్కడికి? జెనెక్ పార పట్టుకుని వచ్చాడుగానీ, దాన్ని ఏం చెయ్యాలో తోచక భుజాన పెట్టుకున్నాడు.

"ఇంటికోసం వచ్చావా?" అంది హలీనా.

"కాదు" అంది ఆవిడ, తడబడుతూ అయినా హలీనావాళ్ల భాషలోనే. "నా పేరు లీసెల్. మమ్మల్ని పంపించేయకముందు ఏడాదిపాటు మీవాళ్లూ మేమూ అందరం ఈ ఇంట్లోనే ఉన్నాం. నాకీ మాటలు నేర్పింది మీ అత్తయ్యే." పైకి చూసింది. "కప్పు అప్పట్లోనూ కారేది. ఇల్లు మీరే ఉంచుకోండి. నేను ఇది ఇచ్చి పోదామని వచ్చాను."

చేతిసంచిలోంచి మడతపెట్టిన నారసంచి తీసింది. ఉతికి, ఇస్త్రీ చేసి, చిరిగినచోట మాసిక వేసి ఉంది. మూలన ఎర్రదారంతో అత్తయ్య పేరు.

అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. సంచిని వెలుతురుకి పట్టి, తిప్పి, కుట్లు చూసింది.

"దీనికి తాడుండాలే. తాడేది?"

"రైలు దిగాక నాయనమ్మ పోయింది. రెండు కర్రలు ఆ తాడుతోనే శిలువలా కట్టి, మట్టిలో గుచ్చి వచ్చేశాం. మిగతావాళ్లం మీరిచ్చిన ఆ రొట్టెతో బతికాం" అంది లీసెల్.

"సరే అయితే" అంది అత్తయ్య. "మంచి తాడు. పనికొచ్చింది."

హలీనా చేతులు దిగిపోయాయి. "అత్తయ్యా, అయితే డాక్టరుగారికి కూడా..."

"పెద్ద ఎలుక అని చెప్పాగా."

"మరి అవన్నీ మనకోసం అనుకున్నానే!"

"మనకోసమైతే ఒక్కటి చాలదూ?" ఆవిడ లీసెల్‌కి కుర్చీ తోసింది. "మమ్మల్ని బండెక్కించినప్పుడు నా చేతిలో దిండు తప్ప ఏమీ లేదు. కంగారులో అదే పట్టుకున్నాను. పక్కింటి ఉక్రేనియన్ పరాస్కా, కోడిగుడ్ల గొడవలో నాతో నాలుగేళ్లుగా మాట్లాడనిది, సైనికుడి చంకకింద నుంచి దూరి ఎండురొట్టె సంచి బండిలోకి విసిరింది. అప్పుడు కూడా తిడుతూనే విసిరింది. ఈ జెనెక్ బతికాడంటే అందుకే. ఆ సంచి తిరిగిద్దామంటే వాళ్లనీ ఎక్కడికో తోలేశారు. ఇక ఎవరికివ్వను? ఎవరు పోతుంటే వాళ్లకిస్తున్నా."

జెనెక్ పార గోడకి చేరేసి, బయటికి వెళ్లి ముక్కు చీదుకున్నాడు. కంచె మీద నుంచి మ్రోజ్ "ఏమైంది, ఇల్లు పోయిందా?" అని కేక వేశాడు.

"లేదు. నిచ్చెనుందా? పెంకులు మార్చాలి."

సాయంత్రం లీసెల్ బయల్దేరుతుంటే అత్తయ్య ఆ సంచినే మళ్లీ ముక్కలతో నింపింది.

"కారులో వెళ్తోంది అత్తయ్యా. దారి పొడుగునా హోటళ్లున్నాయి!" అంది హలీనా.

"వీళ్లని తోలినప్పుడూ రెండు రోజుల్లో చేరిపోతారనే చెప్పారు."

సంచి నిండింది. తాడు లేదు. అత్తయ్య ఇల్లంతా వెతుకుతోంది. హలీనా తన కొత్త ఏప్రన్ విప్పి, దాని తాడు ఒక్క లాగుతో తెంపి, సంచి మూతికి రెండు ముళ్లు బిగించింది. అత్తయ్య ముడి లాగి చూసి తల ఊపింది. తర్వాత కారు కిటికీలోకి వంగింది.

"తాడు మా కోడలిది. ఈసారి తాడుతో సహా తిరిగి తేవాలి."