మెరిసే ఇంకుతో మా మామ సంతకం

"పాపా, మీ మామ పొయినాడు. ఇంగ పరిగెత్తి రావద్దు, మెల్లంగా రా."

అత్త ఫోనులో చెప్పింది ఇంతే. విరుదునగర్ ఆస్పత్రిలో మామ మంచం పక్కన కూర్చుని కూర్చుని, స్నానం చేసి వద్దామని ఇంటికి వచ్చిన పొద్దున అది. తల ఇంకా తుడుచుకోలేదు. తడి జుట్టు ముడేసుకుని, చెప్పులేసుకుని, ఆవిడ చెప్పినట్టే మెల్లగా నడిచాను. దారిలో పూలమ్మే ఆమె మల్లెలు కావాలా అని అడిగింది. 

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కోవిల్‌పట్టిలో హైస్కూల్లో తమిళం చెప్పి రిటైరయ్యాడు. ఎప్పుడో తమిళనాడులో స్థిరపడిన మా ఇళ్లలో తెలుగు నోటికే, చదువూ రాతా అంతా తమిళంలోనే. పెళ్లయ్యాక కొన్నేళ్లు నెల్లూరులో ఉన్నప్పుడు ఈ అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఆయన గురించి మీకు ఇలా చెప్పుకోగలుగుతున్నాను. మామకి ఇది చూపిస్తే ఒక్క ముక్క చదవలేడు. ఇది ఏ ఇంకుతో రాశావు అని మాత్రం తప్పకుండా అడిగేవాడు.

ఆయనకి సంతకం అంటే ప్రాణం. ఎందుకో చెప్పాలి. మా అమ్మమ్మకి చదువు లేదు, వేలిముద్రే. మా వైపు అలాంటి వాళ్లని కైనాట్టు అంటారు. అది ఉత్త మాట కాదు, తిట్టు. రేషన్ షాపులో జనం అందరి ముందు ఒకడు అమ్మమ్మని "ఏయ్ కైనాట్టు, ఇట్లా రా" అని పిలిచాడట. పక్కన ఆమె కొంగు పట్టుకుని మామ ఉన్నాడు. ఆమె వేలికి అంటిన నల్లరంగుని ఇంటిదాకా గోడలకి రాసుకుంటూ వచ్చిందని, అయినా పోలేదని ఆయన మళ్లీ మళ్లీ చెప్పేవాడు. తను బతికుండగా తన కళ్ల ముందు ఎవరూ వేలిముద్ర పెట్టకూడదని పట్టుపట్టాడు.

అందుకే రిటైరయ్యాక వాళ్ల వీధిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లకి సాయంత్రాలు సంతకం నేర్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఎవరూ రాలేదు. పొద్దంతా పుల్లలు పేర్చి, నడుము విరిగి వచ్చినవాళ్లకి పలకా బలపం ఎందుకు? అప్పుడు దొరికింది ఆయనకి ఈ జిగినా ఇంకు. ఫౌంటెన్ పెన్నులో పోసుకునేదే. నీలంలో బంగారు పొడి, పచ్చలో వెండి పొడి కలిపి ఉంటుంది. రాసినప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆరాక కాగితాన్ని కాస్త వంచి చూస్తే అక్షరం పొడవునా తళతళలాడుతుంది. ఎదురింటి ఆమె పేరుని క్యాలెండర్ వెనక రాసి, ఎండలో వంచి చూపించాడు. మర్నాడు ఆమె ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. తర్వాత అరుగు చాలలేదు.

ఆ ఇంకు కోసం విరుదునగర్ వచ్చేవాడు. మా ఇంటికి కాదు, బజారులో ఉన్న పెన్నుల కొట్టుకి. నేను పని చేసే పప్పు మిల్లు ఆఫీసు దాని వెనక వీధిలోనే. మధ్యాహ్నం నన్ను బయటికి పిలిచి, తోడు తీసుకుపోయేవాడు. కొట్టాయన మద్రాసు నుంచి తెప్పించిన సీసాలని గల్లా మీద వరసగా పెడితే మామ ఒక్కోదాన్ని వెలుతురుకి పట్టి, అడుగున పేరుకున్న పొడి ఎంతుందో చూసేవాడు. ఇంకులో మెరుపు ఎక్కువైనా బాగోదు, తక్కువైనా బాగోదు అని కొట్టాయనతో వాదించేవాడు. చీర కొనేదానికి కూడా నేను ఇంతసేపు నిలబడనని విసుక్కునేదాన్ని. ఆయన వినేవాడు కాదు.

నింపేముందు సీసాని ఊపకూడదు. ఊపితే నురుగొస్తుంది. తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, అలా పొడి మొత్తం లేచేదాకా తిప్పాలి. "అడుక్కి పొయినదాన్ని కోపంతో లేపలేము పాపా, బతిమాలాల" అనేవాడు. పెన్నుని రెండు రోజులు వాడకుండా పెడితే ఆ పొడి గొంతులో అడ్డం పడుతుంది. విప్పి, నీళ్లలో నానబెట్టి కడగాలి. వంటింట్లో ఏ స్టీలు గ్లాసు తీసినా అడుగున నీలం నీళ్లే. కాఫీలో బంగారం తాగే భాగ్యం నాకు తప్ప ఈ ఊరిలో ఎవరికి ఉందని అత్త సాధించేది.

ఇంకు అడ్డం పడుతుందన్న ఆ ఒక్క సంగతే మమ్మల్నందరినీ అంతకాలం మోసం చేసింది.

ఒకనాడు మామ సంతకంలో కింది గీత తెగింది. పెన్ను కడిగాడు. మళ్లీ తెగింది. కొత్త సీసాలో పొడి ముతకగా ఉందన్నాడు. కొట్టుకి వెళ్లి వేరేది తెచ్చాం. దాంతోనూ అక్షరం సన్నబడి, వంకర పోయింది. వెడల్పు పాళీ కొన్నాడు. కాగితం మంచిది కాదని క్యాలెండర్లు మార్చాడు. కొట్టాయనతో మొదటిసారి గొడవపడ్డాడు, కల్తీ సరుకు అమ్ముతున్నావని. ఆ పెద్దమనిషి ఇంకో సీసా ఇచ్చి పంపాడు. మేమూ అదే అనుకున్నాం. పెన్నులని తిట్టాం, ఇంకులని తిట్టాం. ఇంట్లో ఎక్కడ చూసినా విప్పిన పెన్నులే.

ఒక ఆదివారం నేను కోవిల్‌పట్టి వెళ్లినప్పుడు, చూడవే, దీని పని ఇంతే అని ఆయన చేతిలో పెన్ను నాకిచ్చాడు. నా పేరు రాశాను. గీత ఎక్కడా తెగలేదు. నిండుగా, నున్నగా దిగింది. ఆరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆరాక మెరిసింది కూడా. మామ పెన్ను వెనక్కి తీసుకుని, మూత పెట్టబోయాడు. మూత మరకి పట్టలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి నేనే పెట్టాను.

"ఇంకులో ఏమీ లేదు పాపా" అన్నాడు. 

మదురైలో డాక్టరు నరాల జబ్బన్నాడు. చెయ్యి ముందు పోతుందట, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. మందు లేదన్నాడు. ముందే తీసుకొచ్చి ఉంటే అని అత్త అడిగింది. ముందే వచ్చినా లేదమ్మా అన్నాడాయన. కనీసం మా ఆలస్యం వల్లే అనుకుని తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. నేను నమ్మే దేవుళ్లందరి ముందూ నిలబడి అడిగాను, ఎంతోమందికి రాత నేర్పిన చెయ్యే మొదట కావాల్సి వచ్చిందా అని.  

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వివరంగా చెప్పను. చొక్కా గుండీలు అత్త పెట్టేది. అన్నం అత్త కలిపేది. సంతకం మాత్రం మామ వదల్లేదు. రబ్బరు బ్యాండుతో పెన్నుని వేళ్లకి కట్టించుకునేవాడు. పొడుగాటి పేరు పొట్టిదయింది, పొట్టిది ఒక అక్షరమయింది, ఆ అక్షరం చీమంత అయింది. ఎడమ చేత్తో నేర్చుకుందామని మొదలుపెట్టాడు. అదీ ఎంతో కాలం నిలవలేదు. ఒక సాయంత్రం ఎదురింటి ఆమె ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చి పక్కన కూర్చుంది. "సార్, ఆ పొద్దు నా చెయ్యి నువ్వు పట్టుకుని దిద్దించలా? ఇప్పుడు నేను పట్టుకుంటా" అని ఆయన వేళ్ల మీద చెయ్యి వేసింది. మామ చెయ్యి లాక్కున్నాడు. ఆమె అరుగు దిగి వెళ్లేదాకా గోడ వైపే చూశాడు. ఆమె ఏడ్చుకుంటూ పోయింది. సాయంత్రం బడి ఆ రోజుతో ఆగిపోయింది.

ఊపిరి ఆడక విరుదునగర్ తెచ్చినప్పుడు, గొంతుకి రంధ్రం పెట్టాలన్నారు. తెలివిలోనే ఉన్నాడు కాబట్టి ఆయనే ఒప్పుకోవాలట. నర్సమ్మ కాగితమూ, ఊదారంగు స్టాంప్ ప్యాడూ పట్టుకొచ్చింది. పాపం, ఆమెకేం తెలుసు. సంతకం రాదా, అయితే వేలు పెట్టించండి అంది. మామ కళ్లు మూసుకున్నాడు. నేను సంతకం చేస్తానన్నాను, అత్త చేస్తానంది. కుదరదన్నారు. టైము లేదన్నారు.

మామ కళ్లు తెరిచాడు. పెదాలు కదిపాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను.

"నా సీసా" అన్నాడు.

అత్త సంచిలో ఉంది. అది లేకుండా ఆయన ఎక్కడికీ కదిలేవాడు కాదు. నేను తీసి, తలకిందులు చేసి, నిలబెట్టి, తిప్పాను. ఊపలేదు. దూదికి తడిపి ఆయన బొటనవేలికి రాశాను. ఆ వేలుని నేనే పట్టుకుని కాగితం మీద ఆనించాను. నీలం ముద్ర పడింది. ఇదేంటమ్మా మెరుస్తోంది అని నర్సమ్మ అడిగింది.  మామ ఆ కాగితం వైపు చూడలేదు. స్పిరిట్‌తో తుడిచారు. రంగు చాలావరకు పోయింది. గొంతు పని కూడా అయింది. ఏం లాభం, మూడోనాటికి అత్త ఫోను చేసింది.

కోవిల్‌పట్టి తీసుకుపోయాం. చివరి స్నానానికి పందిట్లో బల్ల మీద కూర్చోబెట్టి, తలకి నూనే సీకాయా పెట్టి, అందరూ ఒక్కో చెంబు పోశారు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు గేటు దగ్గరే నిలబడిపోయారు. నా వంతు వచ్చినప్పుడు నేను తల మీద పోయకుండా ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. బొటనవేలి గీతల్లో బంగారు పొడి ఇంకా ఉంది. సీకాయ పెట్టి రుద్దాను. నా కొంగుతో రుద్దాను. చాలు పాపా, వదిలిపెట్టు అని అత్త నా భుజం పట్టుకుంది. నేను వదల్లేదు. ఇంతలో ఎవరో పెద్దాయన తెల్లగుడ్డ పీలిక తెచ్చి, రెండు చేతుల బొటనవేళ్లూ దగ్గరకి చేర్చి కట్టేశాడు. పందిరి సందులోంచి ఎండ నేరుగా ఆయన ఒడిలో పడుతోంది. ముడి పైన కుడివేలు మెరుస్తోంది.