నాసిర్ బిగించిన సైలెన్సర్

ఆ కబురు మొదట నా దగ్గరికి తెచ్చినవాడు రమణమూర్తి. అది 2022 చలికాలం. గ్రేటర్ నోయిడాలో పికప్ ట్రక్కులు అమ్మి, వాటిని బాగుచేసే ఒక డీలరు వర్క్‌షాపులో నేను వారంటీ విభాగం ఇన్‌చార్జిని. రమణమూర్తి మా సీనియర్ టెక్నీషియన్, పలాస వైపు మనిషి. నేను పొద్దున్నే దీపం వెలిగించుకుని ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా ఇంటి నుంచి బయలుదేరి, మెట్రో దిగి, ఆటో మారి వచ్చి, చేతిసంచీ ఇంకా బల్ల మీద పెట్టకముందే అతను గుమ్మంలో ఉన్నాడు.

"మేడమ్, మూడో ర్యాంపు మీద బండికి పొగగొట్టం బయటిది ఏయించీసినారండి. ఫిల్టర్ లోపల సరుకు కూడా లాగీసినట్టే ఉంది."

ఈ మాటలో ఎంత బరువుందో తెలియాలంటే మా పని కొంచెం చెప్పాలి. బండి చెడితే ఆ లోపం కంపెనీదా, వాడినవాడిదా అని తేల్చడం వారంటీ విభాగం బాధ్యత. కంపెనీది అయితే సొమ్ము కంపెనీ పెట్టుకుంటుంది. కాకపోతే ఎందుకు కాదో మేము రాయాలి. మా పైన సర్వీస్ మేనేజరు, ఆయన పైన కంపెనీ తరఫున ఏరియా వారంటీ ఆఫీసరు. అంటే మాకు జీతం ఇచ్చేది ముందు అనుమానించినందుకే. నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరంతో మంచాన పడితే, కేంద్ర ప్రభుత్వ వాహనాల విభాగంలో పనిచేసే నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాల నుంచి ఇంజను బొమ్మల దాకా నేర్పారు. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. ఆయన నేర్పిన చదువుతోనే చివరిదాకా అన్నం తిన్నాను. ఆ ఋణం రోజూ తలుచుకుంటాను.

డీజిల్ పికప్‌లో ఇంజను వదిలిన పొగ ముందు ఒక ఇనుప డబ్బాలోకి వెళ్తుంది. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది, మసిని పట్టి ఉంచుతుంది. అదే ఫిల్టర్. దాన్ని దాటాక సైలెన్సర్, ఆ తర్వాత తోకగొట్టం. ఫిల్టర్‌కి వెనక ఏం మార్చుకున్నా ఇంజను వారంటీకి సంబంధం లేదు. చప్పుడెక్కువైతే ట్రాఫిక్ పోలీసులు చూసుకుంటారు. ఫిల్టర్‌ని ముట్టుకుంటే మాత్రం నేరం. ఆ బండి ఛాసిస్ నంబరు మీద వారంటీని కంపెనీ మొత్తానికే మూసేస్తుంది. పైగా ఆ దిమ్మ మీద ఖరీదైన లోహం పూత ఉంటుంది. దాన్ని పీకి అమ్ముకునేవాళ్ళు, కొనేవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నారని అందరికీ తెలుసు. అవి గాలి బాగోలేని రోజులు. ఎదురుగా ఉన్న ఫ్లైఓవర్ మధ్యాహ్నమైనా కనబడేది కాదు. ఫిల్టర్ తీసేసిన బండి దొరికితే ఉపేక్షించవద్దని కంపెనీ నుంచి గట్టి ఆదేశం వచ్చి ఉంది.

బండి ధరంపాల్‌ది. దాద్రీ దగ్గర పల్లె. తెల్లవారకముందే పాల క్యాన్లు ఎక్కించుకుని నోయిడాలో మిఠాయి దుకాణాలకు వేసేవాడు. ఇంట్లో సంపాదన అదొక్కటే. బండి లాగడం లేదని, డాష్‌బోర్డు మీద పసుపురంగు హెచ్చరిక దీపం ఆరడం లేదని తెచ్చాడు. స్కానర్ పెడితే, ఫిల్టర్ ఉండాల్సిన చోట లేనట్టుందని చూపించింది. కింద చూస్తే ఫిల్టర్ డబ్బా దాటిన జానెడు దూరంలోనే కొత్త వెల్డింగు. అక్కణ్ణించి చివరిదాకా తళతళలాడే స్టీలు గొట్టం, లావుపాటి మూతి.

అనుమానించడానికి ఇంకేం కావాలి? నేనూ అనుమానించాను. ధరంపాల్ ముఖం చూసి కాదు, వెల్డింగు చూసి. అంత దగ్గర కోసినవాడికి డబ్బా విప్పడం ఎంతసేపు? ఇంకొకటి కూడా మనసులో మెదిలింది. కబురు చెప్పేటప్పుడు రమణమూర్తి గొంతులో హుషారు ఎందుకు? అతనికీ ఇందులో ఏమైనా ఉందా? నా పక్కన నిలబడి అతను నన్నే చూస్తుంటే, ఈవిడ బండివాడితో ముందే మాట్లాడేసుకుందేమోనని అతనూ అనుకుంటున్నాడనిపించింది. మా షాపులో గాలి అలా ఉండేది.

సర్వీస్ మేనేజరు ఖన్నా గారికి తొందరెక్కువ. స్కానర్ తెర ఫొటో తీసి ఏరియా ఆఫీసరుకు అప్పుడే పంపేశారు. సాయంత్రంలోగా రిపోర్టు కావాలన్నారు. ధరంపాల్‌ని గదిలోకి పిలిచి, నీ ఫిల్టర్ ఖాళీ, నువ్వే అమ్మావా, బిగించినవాడు అమ్మాడా అని నిలదీశారు. అతను గదిలోంచి బయటికి వచ్చేశాడు. తర్వాత వర్క్‌షాపు మధ్యలో నిలబడి ఫోన్ తీశాడు. సూరజ్‌పూర్‌లో ఆ గొట్టం బిగించిన నాసిర్‌ని తిట్టిన తిట్లు నా గది దాకా వినబడ్డాయి. అంతటితో ఆగలేదు. ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో, నాసిర్ దొంగ, నా బండి లోపలి సరుకు పీకి అమ్ముకున్నాడు, ఎవరూ వాడి దగ్గరికి పోకండి అని మాటలు రికార్డు చేసి పెట్టాడు. నాసిర్‌కి వచ్చే బేరమంతా ఆ ఊళ్ళ పికప్‌లే.

నాసిర్ స్కూటర్ మీద వచ్చాడు. గార్డు గేటు దాటనివ్వలేదు. నేను గేటు దగ్గరికి వెళ్ళి మాట్లాడాను. నలభై దాటిన మనిషి, చేతులకు నూనె అలాగే ఉంది. సైలెన్సర్ తప్ప దేనినీ ముట్టలేదని, కావాలంటే డబ్బా కోసి చూసుకోమని అన్నాడు. దొంగ కూడా ఆ మాటే అంటాడని ఖన్నా గారు అన్నారు. అంత ఖరీదైన డబ్బా ఎవరూ కోయరని వాడికి తెలుసునట. ఆ మాటా కొట్టిపారేయలేనిది. గొట్టం లోపలికి పంపి చూసే చిన్న కెమెరా మా దగ్గర ఒకటుండేది, అది అప్పటికి వేరే బ్రాంచికి వెళ్ళి ఉంది. పోలీసులకు ఫిర్యాదు రాయమని ఖన్నా గారు నాతో చెప్పారు. చూశాక రాస్తానన్నాను.

"ఇంకేం చూస్తారు మేడమ్? స్కానర్ చెప్పింది కదా."

"స్కానర్ చెప్పింది సార్. బండి ఇంకా చెప్పలేదు."

ఆయన నవ్వలేదు. ఠీక్ హై, సాయంత్రం దాకా అన్నారు.

ముందు తెల్లగుడ్డ పరీక్ష చేశాను. తోకగొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడవాలి. ఫిల్టర్ పనిచేస్తుంటే గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది, లేకపోతే కాటుకలా అంటుకుంటుంది. నెలల తరబడి తిరిగిన గొట్టం అది. గుడ్డకు కాస్త దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"తుడుసుకొచ్చీసుంటాడండి," అన్నాడు రమణమూర్తి.

"మరి బండి ఎందుకు లాగట్లేదు?" అన్నాను. ఫిల్టర్ లేని బండికి అడ్డమేమీ ఉండదు, ఇంకా తేలిగ్గా పరిగెత్తాలి. ఇది ఊపిరాడనట్టు మూలుగుతోంది. రమణమూర్తి తల గోక్కున్నాడు. "అదేటో మరి అదొక్కటీ కుదరట్లేదండి," అని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో అతని మీద నాకున్న అనుమానం సగం పోయింది.

ఫిల్టర్ ఎంత నిండిందో బండికి తెలిసేది ఒత్తిడి వల్ల. ఫిల్టర్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు సన్నటి రబ్బరు గొట్టాలు పక్కనున్న సెన్సార్‌కు వెళ్తాయి. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే ఫిల్టర్ నిండిందని, ఏమీ లేకపోతే లోపల ఫిల్టరే లేదని బండి అనుకుంటుంది. రమణమూర్తిని యాక్సిలరేటర్ తొక్కమని నేను తెర చూస్తూ కూర్చున్నాను. ఇంజను గర్జిస్తోంది, అంకె సున్నా దగ్గరే ఉంది. మళ్ళీ తొక్కాడు. సున్నాయే. దిమ్మ తీసేసిన డబ్బాలో కూడా అంత జోరు గాలి వెళ్తే కొంచెమైనా కదలాలి. నడిచే ఇంజనులో అసలు కదలని అంకె ఉందంటే, ఆ కబురు మోసే దారి ఎక్కడో మూసుకుపోయిందని అర్థం.

ఇంజను చల్లారేదాకా ఆగి, బండిని పైకెత్తించి కిందికి వెళ్ళాను. వేడి తగలకుండా అడ్డుపెట్టిన రేకు వెనక ఆ గొట్టాలు పైకి పోతాయి, కంటికి కనబడవు. చేయి పెట్టి తడుముకుంటూ పోయాను. ముందు గొట్టం మీద ఒకచోట వేళ్ళకు ముడి తగిలింది. టార్చి పట్టించి, రేకు విప్పించాను.

దారం. మన వైపు నోములకు కట్టే తోరం లాంటిదే. ఇక్కడివాళ్ళు కలావా అంటారు, ఎరుపూ పసుపూ కలిసిన నూలుదారం. మట్టికి నల్లబడింది. గట్టిగా చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేశారు. ఆ చుట్ల కింద రబ్బరు నలిగి, వేడికి అలాగే అతుక్కుపోయింది. గుండ్రని గొట్టం అక్కడ రిబ్బనులా ఉంది. రమణమూర్తి బ్లేడు అందించాడు. దేవుడి పేరు మీద కట్టినదాన్ని కోయడానికి నాకు చేయి రాలేదు. మనసులో దండం పెట్టుకుని గోళ్ళతో ముడి విప్పాను. కొంచెంసేపు పట్టింది. అతను తొందరపెట్టకుండా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పటికీ అతనికి కృతజ్ఞురాలిని.

కొత్త గొట్టం వేసి యాక్సిలరేటర్ తొక్కితే అంకె లేచింది, బాగా లేచింది. ఫిల్టర్ లోపలే ఉంది, మసితో కిక్కిరిసి ఉంది. ఖాళీగా ఉందనుకుని బండి దాన్ని శుభ్రం చేసుకోవడం మానేసింది. మసి హద్దు దాటలేదని చూసుకుని, స్కానర్ ద్వారా ఆజ్ఞ ఇచ్చి మసి కాల్పించాం. గొట్టంలో వేడి పెంచి మసిని బూడిద చేయడమే ఆ పని. అది పూర్తయ్యేసరికి దీపం ఆరిపోయింది. ట్రయల్‌కి వెళ్ళొచ్చిన రమణమూర్తి, గుర్రంలా పోతోందన్నాడు.

ధరంపాల్‌ని పిలిచి దారం అరచేతిలో పెట్టాను. అతను దాన్ని చూసి బల్ల మీద కూర్చుండిపోయాడు.

"అమ్మ కట్టింది మేడమ్‌జీ."

కొత్త గొట్టం బిగించిన రోజు వాళ్ళమ్మ కూడా నాసిర్ షాపుకు వచ్చిందట. ఆ చప్పుడంటే ఆమెకు ఇష్టం. కొడుకు బండి పొలిమేర తిరిగిందని మంచం మీంచే తెలిసేది. కొత్త వస్తువుకు రక్ష కట్టాలంది. గొట్టానికి కడితే వేడికి కాలిపోతుంది అమ్మాజీ అన్నాడు నాసిర్. వెల్డింగు కోసం అప్పటికి అడ్డురేకు విప్పే ఉంది. కాలడం అశుభం కాబట్టి, చల్లగా ఉన్న పక్క గొట్టం తానే ఎంచుకుని గట్టిగా కట్టింది. మిగిలిన ముక్క నాసిర్ చేతికి కట్టి వెళ్ళింది. దానివల్ల గొట్టం నలుగుతుందని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

గార్డుకు చెప్పి, ఇంకా గేటు బయటే కాచుకుని ఉన్న నాసిర్‌ని లోపలికి పిలిపించాను. ధరంపాల్ లేచి అతని చేతులు పట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళగానే అమ్మకు చెప్పి, అందరికీ జరిగింది జరిగినట్టు చెప్పేస్తానన్నాడు. నాసిర్ దారం చూసి, నా వైపు తిరిగాడు.

"మేడమ్, అమ్మాజీకి మాత్రం తెలియనివ్వకండి. తన చేత్తో కట్టిన రక్షే కొడుకు బండిని ఆపిందని తెలిస్తే, ఇక దేవుడి ముందు చేయెత్తడానికి కూడా భయపడుతుంది."

"మరి ఊళ్ళల్లో పోయిన నీ పేరు?" అని అడిగాను.

"ఫిల్టర్ బండిలోనే ఉందని చెప్పమనండి, చాలు."

నా రిపోర్టులో బయటి వస్తువు ఒత్తిడి వల్ల సెన్సార్ గొట్టం మూసుకుపోయిందని, ఫిల్టర్‌ని ఎవరూ ముట్టలేదని రాశాను. ఏరియా ఆఫీసరు ఒప్పుకున్నారు. వారంటీ నిలిచింది, ఫిర్యాదు వెళ్ళలేదు. ధరంపాల్ గ్రూపులో మరో మాట పెట్టాడు. పొరపాటు జరిగింది, నాసిర్ తప్పు లేదు అన్నాడు. ఎలా జరిగిందో చెప్పలేదు.

అందుకే ఎవరూ నమ్మలేదు. ఏదో సెటిల్ చేసుకున్నారులే అనుకున్నారు. దొంగ అన్న మాటకు ఎవరూ కారణం అడగలేదు, దొంగ కాదన్న మాటకు అందరూ అడిగారు. కొన్ని నెలలకు నాసిర్ షాపు షట్టరు దించి, ఘాజియాబాద్ అవతల ఇంకొకరి షాపులో కూలికి చేరాడని రమణమూర్తి చెప్పాడు. ధరంపాల్ రెండుసార్లు వెళ్ళి తిరిగి రమ్మన్నాడట, అతను రాలేదు.

ఆ అమ్మ ఈ మధ్యే కన్నుమూసింది. ధరంపాల్ ఫోన్ చేసి, ఇక మీరు రాయవచ్చు మేడమ్‌జీ అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. పరికరం చూపించేది లక్షణాన్ని, మనిషిని కాదు. కారణం చేతికి తగిలేదాకా ఎవరి పేరూ నోటితో అనకూడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరీక్ష పూర్తికాని బండి గురించి నా విభాగం నుంచి బయటికి ఒక్క ఫొటో కూడా పోనివ్వలేదు. ఖన్నా గారికి అది నచ్చేది కాదు.

ఇది చదివిన మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా, ఒక్కసారి నాసిర్‌ని తలుచుకోండి. అతను దొంగ కాదు. ఎందుకు కాదో ఇప్పుడు మీకు తెలుసు.