మూత బిగించిన సీసా

సీసాలు కడిగే ఆ గదిలో అందరూ ఆమెను నురగక్క అనేవాళ్లు. మోచేతుల దాకా ఎప్పుడూ సబ్బు నురగే కాబట్టి ఆ పేరు. చూస్తే నిదానం మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకదనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో మొదటివాడు ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు, ఆ గదికి సూపర్‌వైజరు. ఆ అనుకోవడమే చివరికి అతని కొంప ముంచింది.

ఫ్యాక్టరీల నుంచీ చెరువుల నుంచీ బోర్ల నుంచీ పరీక్షకు నీళ్లు పట్టుకొచ్చే ప్లాస్టిక్ సీసాలన్నీ పరీక్ష అయ్యాక ఈ గదికే చేరతాయి. వాటిని కడగడమంటే ఇంట్లో గిన్నెలు తోమడం కాదు. ముందు అంటించిన చీటీలు నానబెట్టి ఊడదీయాలి. మెత్తటి బ్రష్షుతోనే రుద్దాలి. గరుకుదానితో రుద్దితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి కాపురం పెడుతుంది. సబ్బు వాసన పోయేదాకా కుళాయి కింద తొలవాలి. లోహాల పరీక్షకు వెళ్లే సీసాలైతే పల్చటి యాసిడ్ తొట్టిలో నానాలి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ మళ్లీ కడగాలి. గాజు సీసాల్లాగా వేడి పెట్టెలో ఆరబెడదామంటే కొన్ని మెత్తబడి మూతి వంకర పెట్టేస్తాయి, కాబట్టి బోర్లించి ఆరబెట్టాల్సిందే. ఆఖరున మూత. కడిగిన చెయ్యే మూత బిగించాలన్నది ఎక్కడా రాసిపెట్టని చట్టం. మూత తీసి ఉంటే మురికిది, బిగించి ఉంటే శుభ్రమైనది. ఎవరూ ఎవర్నీ అడగరు. మూత చూస్తారు, నమ్ముతారు.

ఆ నమ్మకమే ఆమె మొగుడి గొంతు కాల్చింది. ఆమె చేరకముందు ఆ గదిలో పనిచేసింది అతనే. పేరుకు సీసాలు కడిగేవాడే గానీ, అందరికీ కబుర్లాయన. అతను నోరు తెరిస్తే పక్కవాళ్లు చేతిలో పని వదిలేసి పొట్ట పట్టుకునేవాళ్లు. ఒకరోజు తొట్టిలో కలపడానికి యాసిడ్ తక్కువైంది. యాసిడ్ డబ్బా మెట్ల కింద గదిలో ఉంటుంది, మోసుకురావాలంటే బరువు. సూపర్‌వైజరు బావకు ఒళ్లు వంచడమంటే మొదట్నుంచీ చేదే. చేతికందిన మంచినీళ్ల సీసాలో కాస్త యాసిడ్ పోసుకొచ్చాడు. చీటీ అంటించలేదు గానీ మూత మాత్రం బిగించాడు. అంతలో ఎవరో పిలిస్తే దాన్ని తాగేనీళ్ల అరలో పెట్టేసి పోయాడు. చూడ్డానికి అచ్చం నీళ్లే. కబుర్లాయన ఏదో చెబుతూ చెబుతూ ఆ సీసా అందుకుని, తలెత్తి ఒక్క గుక్క వేశాడు. చెబుతున్న మాట అక్కడితో ఆగిపోయింది.

విచారణకు వచ్చినవాళ్లకు బావ తడుముకోకుండా చెప్పాడు. "తాగొచ్చాడండీ. మత్తులో మెట్ల కింద గదికెళ్లి యాసిడ్ తాగేశాడు."

కబుర్లాయన జన్మలో మందు ముట్టినవాడు కాదు. కానీ ముక్కులో గొట్టాలతో ఆసుపత్రిలో పడున్నవాడు కాదని ఎలా చెబుతాడు? నోరున్నవాడిదే రాజ్యం. నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నారు వీధిలోవాళ్లు. "మొగుణ్ని ఆమాత్రం అదుపులో పెట్టుకోలేకపోయావా?" అంది సొంత అక్క. పుండు మీద కారం చల్లడమంటే అదే. మనిషైతే బతికాడు గానీ గొంతు పోయింది. గుసగుస తప్ప మాట రాదు. పాలైనా నీళ్లైనా చెంచాతో కొంచెం కొంచెంగా, మొహం చిట్లించుకుంటూ మింగాల్సిందే.

ఆ సీసా తాగేనీళ్ల అరలోదేనని మొగుడు గుసగుసగా చెప్పగానే, యాసిడ్ తెచ్చే పని బావదే కాబట్టి నురగక్కకు సంగతి అర్థమైంది. ఆ రోజే గట్టిగా అనుకుంది. ఆ సీసాలో యాసిడ్ పోసింది తనేనని, కబుర్లాయన తాగుబోతు కాదని, ఆ గదిలోనే, ఆ మనుషుల ముందే బావ తన నోటితో చెప్పాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. మొగుడి స్థానంలో ఆమెను పనిలో పెట్టించింది కూడా బావే. కళ్లముందుంటే నోరు మూసుకుని పడుంటుందని అతని లెక్క. కోరి కోరి కొరివితో తల గోక్కున్నాడు మహానుభావుడు.

పనిలో చేరిన రోజే బావ మంచినీళ్ల సీసా తీసుకుపోయి, పరీక్ష సీసాను కడిగినంత శ్రద్ధగా కడిగి, నీళ్లు నింపి, మూత బిగించి అతని బల్ల మీద పెట్టింది.

"మంచినీళ్లు బావగారూ. నా చేత్తో కడిగాను" అంది, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ.

అతను సీసా వంక చూశాడు. ఆమె వంక చూశాడు. సాయంత్రం దాకా ఆ మూత తియ్యలేదు.

ఇక అది రోజూ జరిగే పూజ అయిపోయింది. కొత్త సీసా కొనుక్కొచ్చాడు. అతను గదిలో ఒక చుట్టు తిరిగొచ్చేలోపు అదీ కడిగి, మూత బిగించి ఉండేది. సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఇదేం చోద్యం బావగారూ, నీళ్లకు కూడా తాళాలా!" అని అందరికీ వినపడేలా అడిగింది. పోనీ పైవాళ్లకు ఫిర్యాదు చేద్దామా అంటే, ఏమని చేస్తాడు? మా మరదలు నా సీసా మరీ శుభ్రంగా కడుగుతోందనా? దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఉండిపోయాడు. ఒకసారి ఆమే ఆ సీసాలోంచి దోసిట్లో పోసుకుని గటగటా తాగి చూపించింది. అయినా అతని చెయ్యి ముందుకు రాలేదు.

నిజం చెప్పాలంటే ఆమె ఏనాడూ ఆ సీసాలో నీళ్లు తప్ప ఇంకో చుక్క పోయలేదు. కలిపితే పాపం తనది, కలపకపోతే భయం అతనిది. ఆమెకు రెండోదే నచ్చింది. పనిచేసే చోట నీళ్లు ముట్టక బావ పెదాలు బీటలు వారాయి. ఆ పెదాలు చూసినప్పుడల్లా నురగక్కకు కడుపు నిండిపోయేది. జాలి పడాలని ఆమెకు తోచనే లేదు. మనం మాత్రం ఆమె స్థానంలో ఉంటే జాలి పడేవాళ్లమా?

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం మోటారు చెడి గదిలో కుళాయిలన్నీ ఎండిపోయాయి. పని ఎందుకు ఆగిందో చూడటానికి మేనేజరమ్మ స్వయంగా వచ్చింది. బావ సంజాయిషీ మొదలుపెట్టాడు. ఎండిన గొంతు పట్టేసి దగ్గు అందుకుంది. ఆగదే! కళ్లు ఎర్రబడి, బల్ల పట్టుకుని వంగిపోయాడు.

"ఎవరైనా మంచినీళ్లివ్వండి" అంది మేనేజరమ్మ.

అడగాల్సిన పనే లేదు. నురగక్క అప్పటికే సీసాతో నిలబడి ఉంది.

"తాగండి బావగారూ."

అతను చేత్తో నెట్టేశాడు. "వద్దు... ఇంకో సీసా..."

"ఏమైంది? నీళ్లేగా?" మేనేజరమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"నీళ్లేనమ్మా" అంది నురగక్క తాపీగా. "మంచినీళ్ల సీసాలో ఇంకేం పోస్తారు? అంత బుద్ధిలేని పని ఎవరు చేస్తారు?"

"నేను చేశాగా!" దగ్గు మధ్యలో గొంతు చించుకున్నాడు బావ. "నేనే యాసిడ్ పోశాగా! నువ్వు మాత్రం ఊరుకుంటావా?"

గదిలో తలలన్నీ అతని వైపు తిరిగాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు. మేనేజరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. అతను కుర్చీలో కూలబడి మొత్తం కక్కేశాడు. కబుర్లాయన తాగిరాలేదని, ఆ మాట తనే కల్పించాడని కూడా. అంతా అయ్యాక సిగ్గు విడిచి సీసా కోసం చెయ్యి చాచాడు. నురగక్క అతని కళ్లముందే ఆ నీళ్లు తొట్టిలో ఒంపేసింది. "మోటారు బాగయ్యాక తాగుదువుగాని బావా" అంది.

ఆ పూటే అతని ఉద్యోగం ఊడింది. ఆమె గాల్లో తేలుతూ ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు మొగుడికి చెప్పింది. అతను చెంపలు తుడుచుకున్నాడు. తాగుబోతనే మాట అతన్ని ఎంత తినేసిందో ఆమెకు ఆ రోజే తెలిసింది. కాసేపటికి గుసగుసగా అడిగాడు. "మరి నీళ్లిచ్చావా?"

"ఎందుకిస్తాను?"

అతను చేతిలోని చెంచా పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొన్నాళ్లకు అక్క వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు. "ఇంట్లో కూడా నీళ్లు ముట్టట్లేదే. నా చేత్తో ఇచ్చినా వాసన చూసి పక్కన పెట్టేస్తున్నాడు. పెళ్లాన్నే నన్నూ నమ్మట్లేదు. మనిషి ఆసుపత్రి పాలయ్యేలా ఉన్నాడు. నీ పగ తీరిందా?"

తీరింది, ఇంకా తీరాలి, అని అనబోయింది నురగక్క. అంతలో కబుర్లాయన లేచాడు. సీసాలో నీళ్లు నింపాడు. వదిన చూస్తుండగా చెంచా లేకుండా సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. మెడ నరాలు తేలాయి, కళ్లు బైర్లు కమ్మాయి, అయినా మింగాడు.

"అన్నయ్యకివ్వు వదినా. నేను తాగిన నీళ్లేనని చెప్పు."

నురగక్కకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు కంటికి రెప్పలా కాపాడుకొచ్చిన పగ! బావ మీద కూడా రానంత కోపం మొగుడి మీద వచ్చింది. సీసా లాక్కోబోయింది. అతను వదల్లేదు.

"కాలింది నా గొంతు, నీది కాదు" అన్నాడు.

ఆమె చెయ్యి దానంతటదే జారిపోయింది. అక్క సీసా కొంగులో చుట్టుకుని మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెళ్లనిచ్చి, నురగక్క గుమ్మంలోంచి అరిచింది.

"అక్కా! ఖాళీ సీసా నువ్వు కడగొద్దు. ఆయన్నే కడిగి మూత బిగించమను."