పాఠం కాని వాక్యం

మా వీధిలో ఈ సంగతి నవ్వుకుంటూ చెప్తారు. కిడ్నీలో రాయి కదిలి మెలికలు తిరుగుతున్నా మేడమ్ ఇంగ్లీషు పాఠం మానలేదట. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కూడా నన్ను ఈ కథతోనే పరిచయం చేస్తున్నారు. అబద్ధం. ఆ రోజు నేను పాఠం చెప్పలేదు. సాయం అడిగాను.

మార్కాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. పెళ్లి వద్దనుకున్నాను, ఒక్కదాన్నే ఉంటాను. వీధి ఆడవాళ్లు నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో రోజుకో ఇంగ్లీషు మాట నేర్పమని వాళ్లే అడిగారు, నేనుగా ఎగబడలేదు. సాయంత్రం మాట ఇస్తాను. పొద్దున అందరూ ఆ మాటతో తలా ఒక వాక్యం పెట్టాలి. మధ్యాహ్నం దాకా గ్రూపులో తెలుగు రాయకూడదు. నియమం నాదే, ఒప్పుకుంటాను.

ముందు రోజు ఇచ్చిన మాట 'సివియర్'. ఎవరో బిర్యానీ సివియర్‌గా ఉందని రాస్తే కోప్పడ్డాను. బాధపెట్టేవాటికే ఆ మాట వాడాలి, నొప్పికి, కరువుకు, ఎండకు, శిక్షకు. అది కూడా మామూలు బాధకు కాదు, తట్టుకోలేని దానికి. చిన్న తలనొప్పికి సివియర్ అంటే రేపు నిజంగా తల పగిలేటప్పుడు ఏ మాట మిగులుతుందని అడిగాను. జవాబుగా అందరూ దండం బొమ్మలు పెట్టారు.

తెల్లవారేసరికి నడుము పక్కనుంచి పొత్తికడుపులోకి నొప్పి. లేవబోయి వంటగదిలో ఫ్రిజ్‌కు ఆనుకుని కూలబడ్డాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారిప్పుడు. ఎవరికి చేయాలి? తలుపు తలుపూ తట్టినట్టు ఒక్కొక్కరికీ చేయడమెందుకు, అందరూ ఒకేచోట ఉన్నారు కదా అనుకున్నాను. గ్రూపులో రాశాను: 'ఐ హావ్ హ్యాడ్ సివియర్ స్టమక్ పెయిన్ సిన్స్ మార్నింగ్.'

ఆ 'హ్యాడ్' నా కొంప ముంచింది. నిజంగా నొప్పితో ఉన్న మనిషి ఇంత శుభ్రంగా రాయదని వాళ్ల లెక్క కాబోలు. నాకు చేయి అట్లాగే తిరిగింది. ఇన్నేళ్ల అలవాటు నొప్పి వచ్చిందని పోతుందా?

జవాబులు రావడం మొదలైంది.

'సూపర్ మేడమ్.'

'అవర్ స్ట్రీట్ హ్యాజ్ సివియర్ వాటర్ ప్రాబ్లమ్.'

'మై మదర్ ఇన్ లా ఈజ్ సివియర్.' దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

నేల మీద పడుకుని చదివాను. అత్తగారి వాక్యంలో తప్పు లేదని కూడా గమనించాను. ఎవరైనా తలుపు కొడతారేమోనని చెవి అటే పెట్టాను. బయట బిందెల చప్పుడు, మాటలు, ఎవరో ఎవరినో మరదలా అని పిలిచి పరాచికాలాడడం. నా గడప దాకా ఏదీ రాలేదు.

అప్పుడు ఎదురింటి కిరాణా దుకాణం అక్క పేరు కనిపించింది. కింద అక్షరాలు లేవు, మెసేజ్ తీసేసినట్టు గుర్తు మాత్రం ఉంది. నేను చూసేలోపే తీసేసింది.

చివరికి తెలిసిన ఆటో పిలిపించుకుని నేనే తాళం వేసి పోయాను. ఆస్పత్రిలో నర్సు నొప్పి ఎట్లుందని అడిగితే, "కొంచెం ఉందమ్మా" అన్నాను. ఆ పిల్లది గిద్దలూరట. నా ముఖం చూసి, "కొంచెమా! చెమటలు జూడు అత్తా, ఏంది నువ్వు?" అని చేయి పట్టుకుని మంచమెక్కించింది. తెలుగులో కొంచెమంటే ఆమెకు సరిగ్గా అర్థమైంది.

ఇంటికి వచ్చాక వీధంతా బ్రెడ్డు, కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చింది.

"ఏంది మేడమ్, ఒక్క మాట జెప్పకపోతివి!"

"చెప్పినా. ఫోన్ తెరిచి చూసుకో."

"అయ్యో, అది ఆ పొద్దుటి పాఠమనుకున్యాం! తెలుగులో రాసుంటే ఉరికొచ్చేటోళ్లం గదా."

"రాసుంటే తెలుగు రాసినందుకు నన్నే ఎగతాళి చేసేటోళ్లు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు పోయాక ఆ బొండాలన్నీ ఒక్కదాన్నే ఎట్లా తాగాలో తెలియక కాసేపు వాటి ముందు కూర్చున్నాను.

నన్ను తొలిచేది ఆ నవ్వు కాదు. దుకాణం అక్క ఎప్పుడూ సొంతంగా వాక్యం రాయదు. పక్కవాళ్లది చూసి మళ్లీ అదే పెడుతుంది. ఆ రోజు మాత్రం ఏదో రాసి తీసేసింది. చూసి పెట్టిందే అయితే తీసేయడమెందుకు? నడవగలిగాక దుకాణానికి పోయి అడిగాను.

"అక్కా, ఆ పొద్దు ఏం రాసి తీసేసినావు?"

"గుర్తులేదులేమ్మా. తప్పులుంటాయని తీసేసినా. నీతో మాటలెవురు పడతారు?"

"తప్పులు చూడను. చెప్పు."

ఆమె నా ముఖం చూడలేదు. కందిపప్పు పొట్లం కట్టి, "చక్కెర గూడా కావాల్నా?" అంది.

తర్వాత ఇంకోసారి అడిగాను. ఈసారి బెల్లం బాగుందని చెప్పింది. గ్రూపులో ఆ గుర్తు ఇంకా అట్లాగే ఉంది. అప్పుడప్పుడు పైకి జరుపుకుంటూ పోయి చూస్తాను. దాని వెనక ఉన్నది అందరి వాక్యాల్లాంటిదే అయితే నాకు ఏ బాధా లేదు.

కానీ అక్కా, నువ్వు రాసింది సివియర్‌తో ఒక వాక్యమా, లేక 'నిజంగానే నొస్తోందా' అని నన్ను అడిగావా?