కల్హేర్ అంగడిలో తహశీల్దారు

ఆ రోజుల్లో నాకు చొక్కాలకు కరువుండేది గానీ గొప్పలకు ఉండేది కాదు. నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం కొత్తగా దొరికింది. బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. మా ఊరు సరిహద్దుకు అవతల, బీదర్ వైపు. కాబట్టి నేనెవరి కొడుకునో ఖేడ్‌లో ఎవరికీ తెలియదు. దాన్ని నేను బాగా వాడుకున్నాను. స్టాఫ్‌రూములో మొదటి రోజే కెమిస్ట్రీ మేడమ్ "మీ నాయిన ఏం చేస్తరు సార్?" అని అడిగితే, "బీదర్‌లో బట్టల వ్యాపారం. పెద్ద షాపు" అన్నాను. బట్టలన్నది నిజమే. (అబద్ధంలో కొంచెం నిజం కలిపితే మనసుకు బరువుండదని అప్పట్లో నా నమ్మకం.) మిగతా నిజమేమిటంటే, మా అప్ప తువాళ్లు, లుంగీలు, చాదర్లు మూటకట్టి, పాత మోపెడ్ వెనక పెట్టుకుని, ఒక్కో రోజు ఒక్కో ఊరి వారపు అంగడిలో నేల మీద పరిచి అమ్మేవాడు. సిర్గాపూర్, కల్హేర్, అన్నీ ఆయన తిరిగేవే. దారిలో ఖేడ్ వస్తుంది కదా, అమ్మ చేసిన జొన్నరొట్టెలు కాలేజీలో ఇచ్చిపోతానన్నాడు. "అప్పా, లోపలికి బయటివాళ్లను రానియ్యరు. రూలు" అన్నాను. "హౌదా? మంచి రూలే తమ్మా, దొంగలు రారు" అన్నాడు. (మా వైపు మాటల్లో కన్నడం కలుస్తుంది: అవునా అంటే హౌదా, కొడుకును తమ్మా అనే పిలుస్తారు.) అప్పటినుంచి రొట్టెల మూటను బస్టాండు ముందు చాయ్ హోటల్లో ఇచ్చి పోయేవాడు.

ఆ ఏడు మా సిలబస్‌లో ఒక అమెరికా నాటకం ఉండేది. ఊరూరా తిరిగి సరుకు అమ్మి అలసిపోయిన ముసలి తండ్రి, ఆయన గొప్పలు, ఆ గొప్పలు నమ్మి పెరిగిన కొడుకులు, అన్నీ తెలిసినా ఎవరూ నోరెత్తని ఇల్లు. ఇదంతా నేను గైడులో చదివిందే. అసలు పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. గైడులోని ముఖ్యమైన ఇతివృత్తాలను బోర్డు మీద దింపేవాడిని: దొంగ కల, తండ్రీకొడుకుల మధ్య దూరం, ఉన్నదానికి సిగ్గుపడి లేనిది చెప్పుకోవడం. పరీక్షలో తప్పక వస్తుందని చివరిదాని కింద గీత కూడా గీశాను. ముందు బెంచీలో కల్హేర్ పిల్లవాడొకడు ఉండేవాడు. గొంతు పెద్దదని వాణ్ణి అందరూ మైకు అనేవారు. వాడు లేచి, "సార్, గా ముసలాయన ఏం అమ్ముతడు సార్?" అని అడిగాడు. అది గైడులో లేదు. "అది ముఖ్యం కాదు, ఇతివృత్తం రాసుకో" అన్నాను. "గట్లెట్ల సార్? ఏం అమ్ముతడో తెల్వకుంట యాక్టింగ్ ఎట్ల చెయ్యాలె?" అన్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి అందులో ఒక రంగం తెలుగులో వేయిస్తానని నేనే గొప్పకు పోయి ఒప్పుకున్నాను మరి.

జవాబు మైకే తెచ్చుకున్నాడు. ఒక సాయంత్రం రిహార్సల్లో, "సార్, మా కల్హేర్ అంగట్ల ఒక తాత ఉన్నడు. అచ్చం గీ నాటకంల ముసలాయనే. సూడున్రి" అంటూ కిటికీ తెర ఊడదీసి, నేల మీద చతికిలబడి, రెండు కొసలు పట్టి ఫట్‌మని విదిలించాడు. పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడది. "రా బిడ్డా రా! భుజం మీదేస్తే పెండ్లికొడుకువి, నెత్తికి జుడితే పటేలువి! ఉతుకు, బండకేసి కొట్టు, రంగు పోతే నన్ను కొట్టు!" అని అరిచి, మోకాలు పట్టుకుని "శివా" అంటూ లేచాడు. గదంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నడుము ఇంకొంచెం వంచు" అన్నాను. ఎంత వంగాలో నాకు తెలుసు కదా.

వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి రాలేదు గానీ, ముందు వరసలో ఆయన కుర్చీలో మా అప్ప కూర్చుని ఉన్నాడు. మైకు నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. "తాతను తోల్కొచ్చిన సార్! రానంటే రానన్నడు. బయటోళ్లను రానియ్యరట గద అన్నడు. ఎవ్వలన్నరు తాతా, మా ఇంగ్లీషు సార్ మంచోడు, ఆయన నాయిన గూడ నీ లెక్కనే బట్టల యాపారి, గని బీదర్‌ల పెద్ద షాపు అని చెప్పిన." "ఏమన్నాడు?" అని అడిగాను. "ఏమంటడు సార్! ఇగ మూటలకెల్లి కొత్త తువాల దీసి భుజం మీదేస్కొని, పా అన్నడు."

నాటకానికి అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆయనే. అయిపోయాక ప్రిన్సిపాల్ ఆయన్ను స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పమని నన్ను పురమాయించాడు. కప్పాను. అప్ప అలవాటుగా అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, నాకు మాత్రమే వినబడేట్టు, "పాలిస్టర్, తమ్మా. మోసపోయిన్రు" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంతలో ప్రిన్సిపాల్ మైక్రోఫోను పట్టుకుని, "కొడుకులున్నరా పెద్దాయనా?" అని అడిగాడు. ఒక్క మాట, "నేనున్నాను" అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. ఎదురుగా కెమిస్ట్రీ మేడమ్ కనిపించింది. మూసుకున్నాను. అప్ప నన్ను చూడకుండా, "ఒక్కడున్నడు సార్. బీదర్‌ల ఉంటడు. బట్టల షాపు. పెద్దది" అన్నాడు. "మరి నువ్వెందుకు తిరుగుతున్నవ్?" "కూసుంటే మోకాళ్లు పట్టేస్తయి సార్." జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఇన్నేళ్లయినా నా చేతుల మీద నాకు ఆ కోపం పోలేదు.

ఆ ఆదివారం నాటకం మొదటిసారి పూర్తిగా చదివాను. ముసలాయన ఏం అమ్ముతాడో చివరిదాకా వెతికాను, రచయితా చెప్పలేదు. మిగతావన్నీ మాత్రం మా ఇంట్లో కూర్చుని రాసినట్టున్నాయి. తర్వాతి అంగడి రోజు కాలేజీకి సెలవు పెట్టి కల్హేర్ పోయాను. దారంతా మనసులో సాధన చేసుకుని, జనం మధ్య నిలబడి, "అప్పా!" అని గట్టిగా పిలిచాను. పక్కన మిరపకాయలు అమ్మే అవ్వ తలెత్తి, నన్ను కిందికీ పైకీ చూసి, "గీయనేనా నీ కొడుకు, తాసిల్దారు?" అంది. అప్ప తల వంచి, మడతపెట్టిన చాదరును విప్పి మళ్లీ మడతపెట్టసాగాడు. బీదర్ షాపు నా అబద్ధమైతే, తహశీల్దారు కొడుకు ఆయన అబద్ధం. నిజం చెప్పడానికి అంత దూరం వచ్చినవాణ్ణి, ఆయన వంచిన తల చూసి, "అవునవ్వా, నేనే" అన్నాను. "మరి మా పట్టా పని ఐతనే లేదు గద బిడ్డా, మా పెద్దోడు తిరిగి తిరిగి పరేషాన్ అయితున్నడు" అంటూ ఆమె మొదలుపెట్టింది. పొద్దుగూకేదాకా నా ముందు అర్జీదారులే. అప్ప మాత్రం ఆ రోజు తువాళ్లను ఎప్పటికంటే గట్టిగా విదిలించాడు.

ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజే చెబుతాను: మా అప్ప అంగట్లో తువాళ్లు అమ్మేవాడని. మోకాళ్లు మొరాయించి ఆయన తిరగడం మానేశాడు. కల్హేర్‌లో మాత్రం నేనింకా తహశీల్దారునే; ఆ మాట వెనక్కి తీసుకునే హక్కు నాది కాదు. మొన్న అటు పోతే ఆ అవ్వ గుర్తుపట్టి, "ఇంకా ప్రమోషన్ రాలేదా బిడ్డా?" అని జాలిపడింది.

"రాలేదవ్వా" అన్నాను. అక్కడ నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే.