పునాది కందకంలో మగ్గం చప్పుడు

దయ్యాలు ఉన్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. హుజూరాబాద్‌లో చాలా ఏళ్లుగా బడి పంతులుగా ఉన్నాను. చదివిన పుస్తకాలు నాకు ప్రధానంగా నేర్పింది అనుమానించడం. అందుకే ఈ సంగతిని ఏడేళ్లుగా కాగితం మీద పెట్టలేదు. మా అవ్వ కూడా వద్దన్నది; మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. రాస్తే నలుగురు వచ్చి గోడ చూస్తామంటారు, వాళ్లకు చాయ్ ఎవరు పెట్టాలె అని ఆమె బాధ.

పోయిన నెల అవ్వ పోయింది. ఇక చాయ్ సంగతి నేనే చూసుకుంటాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది నేతవాళ్ల వాడ. ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు, గోడలు మట్టివి. మా నాన్న, మా బాపు, తన చేతులతో కట్టుకున్నాడు. లోపలి గదిలో పడమటి గోడ పక్కన ఆయన మగ్గం ఉండేది. గుంట మగ్గం. నేసేవాడు నేల మీద కూర్చొని కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలను ఒకటి తరువాత ఒకటి తొక్కుతాడు. ఆ గోడకు ఒక కిటికీ ఉంది. దాని వెలుతురు పోగుల మీద సరిగ్గా పడాలని బాపు గుంటను అందరికంటే గోడకు దగ్గరగా తవ్వుకున్నాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ నాలుగేళ్లకు బాపు పోయాడు. నాకు నేత రాదు. ఆయన నన్ను మగ్గం దగ్గరికి రానివ్వలేదు, బడికి పంపాడు. మూడు నెలలు చూసి, మగ్గం విప్పి సిరిసిల్లలో మా మేనబావకు ఇచ్చేశాను. గుంట మిగిలింది. మట్టి పోసి పూడుద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు.

"ఏడాది కూడ కాలే. ఆయన కాళ్లు వెట్టిన జాగల అప్పుడే మన్ను పోస్తవా, బిడ్డా?"

సరే అని దాని మీద చెక్కలు పరిచాను. చెక్కల మీద చాప, చాప మీద అవ్వ మంచం. ఆమె అక్కడే పడుకునేది, మధ్యాహ్నాలు కూడా. కొద్ది నెలల్లో ఆ గుంట సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. నా తప్పు అక్కడ మొదలైంది.

అప్పుడే మాకు పడమటి వైపు ఖాళీ జాగాను వెంకటమల్లు కొన్నాడు. జమ్మికుంటలో పత్తి వ్యాపారం చేసేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, గొంతు పెద్దది. అక్కడ మేడ కడతానన్నాడు. మొదటి వారంలోనే మా గుమ్మం ముందు సున్నం గానుగ పెట్టాడు. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక పోసి, రెండు ఎడ్లతో రాతిచక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం తిరుగుతుంటే పళ్లు జివ్వుమనేవి. కోడి కూయక ముందే రాళ్లు చెక్కడం మొదలయ్యేది. రాళ్ల కుప్ప మా గడప దాకా వచ్చింది. అవ్వ కాలి బొటనవేలు రెండు సార్లు దెబ్బతింది.

అదంతా ఓర్చుకోవచ్చు. నా దిగులు గోడ గురించి. మేడ పునాది అంటే నిలువెత్తు కందకం. దాన్ని మా మట్టిగోడను ఆనుకొనే తవ్వుతారని తెలిసింది. ఆ గోడ కింద అవ్వ పడుకుంటుంది. ఆ గోడ బాపు పెట్టింది. దాన్ని పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి నిబంధనలు చూపించమని అడిగాను. కట్టేవాడు ఇజాజత్, అంటే అనుమతి, తీసుకోవాలి, పొరుగువాడి గోడకు హాని చేయకూడదు అని ఉంది. ఎంత ఎడం వదలాలో స్పష్టంగా లేదు. దర్ఖాస్తు రాశాను. సర్పంచి మమ్మల్ని ఇద్దరినీ పిలిచి బల్లకు అటొకరిని, ఇటొకరిని కూర్చోబెట్టాడు.

"పంతులూ, నేను ఇల్లు కట్టుకోవాల్నా, నీ దర్ఖాస్తులు సదువుకుంట కూసోవాల్నా?" అన్నాడు వెంకటమల్లు.

"రెండూ చెయ్యి, మల్లన్నా. సదువుకుంటె కట్టుడు సక్కగైతది," అన్నాడు సర్పంచి.

రెండు గంటలు కూర్చున్నాం. గోడకు రెండు జానల ఎడం వదిలి తవ్వాలి. తెల్లవారక ముందు, దీపాలు పెట్టాక రాళ్లు కొట్టకూడదు. గానుగను తన జాగాలోకి జరపాలి. గడప ముందు మనిషి నడిచే దారి ఉండాలి. ఇవన్నీ అతను గొణుగుతూనే ఒప్పుకున్నాడు. చివరికి నేను ఇంకొకటి అడిగాను. మా వాడలో ఎవరైనా పోతే ఆ పొద్దంతా ఏ ఇంట్లోనూ మగ్గం ముట్టరు. కాబట్టి ఆ రోజు గానుగ, రాళ్ల పని కూడా ఆగాలి.

వెంకటమల్లు నవ్వాడు. "మీ వాడల ముసలోళ్లు శానమంది ఉన్నరు. నా మేడ లేసేదెప్పుడు?"

చప్పుడు లేని పని చేసుకోవచ్చని సర్పంచి తేల్చాడు. అప్పుడు వెంకటమల్లు తన మాట ఎత్తాడు. "ఇన్నేండ్లు మగ్గం ఆడి ఆడి గా గోడ ఎప్పుడో వదులైంది. రేపు కూలితె నా మీద వెడ్తవు. మగ్గం ఉన్నదా, లేదా, రాసియ్యి."

"లేదు," అన్నాను. "మా ఇంట్లో మగ్గం లేదు" అని రాసి సంతకం చేశాను. అది నిజమే. గుంట గురించి ఎవరూ అడగలేదు. నాకూ గుర్తు రాలేదు. మాటలను తూచి వాడతానని అనుకునే నేను, ఒక నిజమైన మాట రాసి అసలు సంగతిని వదిలేశాను.

పని మొదలైంది. షరతులను అతను చాలావరకు పాటించాడు. మేస్త్రీ పేరు లచ్చన్న. నిర్మల్ దిక్కు నుంచి వచ్చినవాడు. మా వాడ అతనికి కొత్త. బాపును అతను చూసి ఉండే అవకాశమే లేదు. ఇది గుర్తుంచుకోవాలి.

రోహిణి ఎండలు ముగుస్తున్న రోజుల్లో మా వాడలో ఒక ముసలాయన పోయాడు. పొద్దున్నే మగ్గాలన్నీ ఆగాయి. వెంకటమల్లు మాట నిలుపుకున్నాడు. ఎడ్లను విప్పేశారు, ఉలి చప్పుడు లేదు. కందకం అంతకు రెండు రోజుల ముందే పూర్తయింది. లచ్చన్న, ఇద్దరు ఆడకూలీలు లోపలికి దిగి అడుగు చదును చేస్తూ, దారం కట్టి కొలతలు చూసుకుంటున్నారు. వాడలో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు ఎరుగను.

నేను శవం వెంట వెళ్లాను. అవ్వ ఇంట్లో ఒక్కతే ఉంది. స్నానం చేసి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా గుమ్మంలో లచ్చన్న నిలబడి ఉన్నాడు. పక్కన వెంకటమల్లు, చేతిలో నేను సంతకం చేసిన కాగితం.

"చెప్పు, పంతులూ," అన్నాడు. "నా గానుగ ఆపిచ్చినవు, నా ఎడ్లు మేత మేసుకుంట నిలవడ్డయి. వాడంత మగ్గాలు ఆపింది. మరి నీ ఇంట్ల ఎవలు నేస్తున్నరు?"

అర్థం కాలేదు. లచ్చన్న మర్యాదగా చెప్పాడు. "పొద్దుగాల సంది ఆడుతనే ఉన్నది, సారూ. తూకపు గుండు నిలుస్తలేదు, దారం అదురుతున్నది. జరంత సేపు ఆపుమంటె, కొలత తీసుకుంటం. గంతే."

"మా ఇంట్లో మగ్గం లేదు, మేస్త్రీ. ఎప్పుడో విప్పేశాం."

"గదే రాసిచ్చినవు," అని వెంకటమల్లు కాగితం ఊపాడు. "లేని మగ్గం గింత సప్పుడు చేస్తున్నది. ఉంటె ఎంత చేస్తుండెనో."

నాకు కోపం వచ్చింది. అది నాకు అరుదు. తలుపు తీసి ఇద్దరినీ లోపలికి రమ్మన్నాను. లోపలి గదిలో అవ్వ గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. అల్మారాలో నా పుస్తకాలు. మగ్గం లేదు. ఏ చప్పుడూ లేదు. వెంకటమల్లు గొంతు తగ్గించి, "గిదేంది మేస్త్రీ?" అన్నాడు.

చెవులు మోసం చేసి ఉంటాయి, పక్క వాడ చప్పుడై ఉంటుంది అన్నాను. లచ్చన్న తల అడ్డంగా ఊపాడు. "ముగ్గురం ఇన్నం, సారూ. సేఠు కూడ దిగి ఇన్నడు. మామూలు మగ్గం లెక్క లేదు. గిట్ల ఉన్నది." చేతిలో ఉన్న తాపీ పిడితో గడప మీద కొట్టి చూపించాడు.

రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, కొంచెం జాగు. మళ్లీ రెండు, మళ్లీ జాగు.

బాపుకు ఎడమ మోకాలు బిగుసుకుపోయి ఉండేది, ఎడ్లబండి మీంచి పడ్డప్పటి నుంచి. కుడి కర్ర చప్పున పడేది, ఎడమది ఆలస్యమయ్యేది. దెబ్బలు సమానంగా పడేవి కావు. ఆ తాళం విని వీధి చివరి నుంచే మా ఇంటిని గుర్తుపట్టేవారు. నేను ఆ చప్పుడులోనే అక్షరాలు నేర్చుకున్నాను. లచ్చన్న కొట్టింది అదే.

నేను గడప మీద కూర్చున్నాను. లచ్చన్న నా మొహం చూశాడు. అతని ఆలోచన వేరే దిక్కున ఉంది.

"మగ్గం ఇప్పేసినరంటె ఉండెనన్నట్టె గద. గుంట మగ్గమేనా?"

"అవును."

"గుంట పూడ్చినరా?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను జవాబు చెప్పకముందే అతను లోపలికి నడిచాడు.

అవ్వను లేపి బయట కూర్చోబెట్టాం. మంచం తీశాం, చాప తీశాం, చెక్కలు ఎత్తాం. గుంటలో గోడ వైపు మట్టి నిలువునా నెర్రె విచ్చి ఉంది. లచ్చన్న వేలు పెడితే మొదలు దాకా పోయింది. అవతల మనిషి లోతు కందకం, ఇవతల గుంట, మధ్యలో రెండు మూరల మందం మట్టి. ఆ మట్టి మీద మా గోడ. గోడ పక్కన అవ్వ. కందకంలో ఇద్దరు ఆడకూలీలు.

"రెండు జానలు వదిలినమంటె సరిపోయిందనుకున్న," అన్నాడు లచ్చన్న. "గుంట ఉన్నదని ఎరుకైతె నాలుగు మూరలు వదులుతుంటి."

వెంకటమల్లు బయటికి వెళ్లి కూలీలను పైకి రమ్మని కేక వేశాడు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి అడిగాడు. "పంతులూ, రాళ్లు ఏసి దిమ్మిస తోటి కొట్టాలె. సప్పుడైతది. షరతు ఉన్నది గద. కొట్టాల్నా?"

కొట్టమన్నాను. ఆ రోజు మా వాడలో చప్పుడు చేసింది నా ఇంటి కోసమే. పెద్దమనుషులకు నేనే వెళ్లి చెప్పుకున్నాను. ఎవరూ కాదనలేదు. నలుగురు వచ్చి రాళ్లు అందించారు కూడా. గోడ వెంబడి కందకాన్ని రాళ్లతో నింపి గట్టిగా కొట్టారు. గుంటను కూడా అవ్వ అనుమతితోనే రాళ్లు, మట్టి వేసి పూడ్చాం. దీపాలు పెట్టే వేళకు పని అయింది. చేతులు కడుక్కుంటుండగా వాన మొదలైంది. ఆ ఏడాదికి మొదటి వాన. తెల్లవారేసరికి మిగతా కందకం అంచు దాకా నిండి ఉంది. మా గోడ నిలబడే ఉంది.

వెంకటమల్లు తన పునాదిని నాలుగు మూరలు అవతలికి జరుపుకున్నాడు. మేడ కొంచెం ఇరుకైంది. మా కిటికీకి వెలుతురు మిగిలింది. ఇవాళ్టికీ అతను నన్ను చూస్తే, "ఏం పంతులూ, మగ్గం ఆడుతున్నదా?" అంటాడు. ఆ మాటలో వెటకారం పోయి చాలా కాలమైంది.

నేను ఊరుకోలేదు. మంచం కాళ్లు చెక్కల మీద ఆడి చప్పుడైందేమో అని అవే చెక్కలు పరిచి, మంచం వేసి, దాని మీద దొర్లి చూశాను. కిర్రుమంది గాని ఆ చప్పుడు కాదు. పక్క వాడ మగ్గాలు కూడా ఆ పొద్దంతా ఆగే ఉన్నాయని ఇల్లిల్లూ అడిగి తెలుసుకున్నాను. ఎడ్లు విప్పి ఉన్నాయి. నెర్రె విచ్చుకుంటున్న మట్టి చప్పుడు చేస్తుందని లచ్చన్న అన్నాడు, కానీ అట్లా తాళం వేయదని కూడా తనే అన్నాడు. నీళ్లు తగ్గాక కందకంలోకి దిగి నేను ఒక గంట నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. నిజం చెప్పాలంటే, వాళ్లంతా విన్నదాన్ని నేను ఒక్కసారీ వినలేదు. ఆ లోటు కొన్నాళ్లు ఉండింది.

గుంట పూడ్చిన రోజు సాయంత్రం లచ్చన్న మా అరుగు మీద కూర్చొని చెంబుతో నీళ్లు తాగుతుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నీకేమన్నా వినపడ్డదా అని నేను ఆమెను అంతకు ముందే అడిగాను. "ఇన్ననో లేదో. ఆయన పోయినంక పగటీలి గంత మంచిగ ఎన్నడు పండుకోలే," అంది. లచ్చన్నను మాత్రం ఆమె వేరే ప్రశ్న అడిగింది.

"మేస్త్రీ, ఎప్పటి సంది ఇనవడ్డది?"

"పొద్దుగాల మగ్గాలు ఆగినప్పటి సంది, అవ్వా. సారు వచ్చి తలుపు తీసెదాంక ఆడిందని కందకంల ఉన్న కూలోళ్లు అన్నరు."

అవ్వ కాసేపు వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "గంతసేపట్ల ఒక గజం అయి ఉంటది," అంది. "మోకాలు గట్ల లేకపోతె గజమున్నర నేస్తుండె." లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ చప్పుడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ లెక్కను మాత్రం తరువాత చాలాసార్లు చూసుకున్నాను. బాపు చేతి వేగానికి అది సరిగ్గానే ఉంది.