బాపు వెతికిన కొయ్య, నేను చేసిన సందుగ

ఒక ఇంట్లో నలుగురు మనుషులు పదిహేను రోజుల పాటు ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నారు. ఏ జబ్బూ లేని ఒక పెద్దమనిషిని దవాఖానాకు తీసుకుపోయారు. ఒక పెళ్లిచీర ఆగిపోయేదాకా వచ్చింది. నేనూ నా భార్యా మూడు నెలలు నేల మీద పడుకున్నాం. వీటన్నింటికీ కారణం ఒక్కటే, నేను నా సొంత చేతులతో చేసిన సందుగ. సందుగంటే బట్టలు దాచుకునే పాతకాలపు కొయ్యపెట్టె. అది ఇప్పటికీ మా చెల్లెలి అత్తగారింట్లో భద్రంగా ఉంది కాబట్టి, నేను చేయలేదని బుకాయించే వీలు కూడా లేదు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పని. పొద్దంతా మేస్త్రీలకు మేకులూ స్క్రూలూ గొళ్లాలూ అమ్మి అమ్మి, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ తలుపు నిలబడినా అందులో సగం ఘనత నాదేనన్న నమ్మకం బలపడింది. దానికి తోడు చేతిలో ఫోను. ఫోనులో ఒకాయన పన్నెండు నిమిషాల్లో పెట్టె చేసి, దాని మీద ఎక్కి నిలబడి చేతులూపాడు. అంతే, నేను వడ్రంగినైపోయాను.

మాది నేత ఇల్లు. రామన్నపేట దగ్గర ఊరు. మా బాపు, అంటే నాన్న, ముప్పై ఏళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసి, మోకాళ్లు మొరాయించాక మగ్గం విప్పేసి, కొయ్యలన్నీ ఇంటి వెనక కొట్టంలో గోడకు ఆనించాడు. అది జరిగి రెండేళ్లు. ఇంతలో మా చెల్లెలు మంజులకు మోత్కూర్ సంబంధం కుదిరింది. అబ్బాయి చాలా మంచివాడు, అందుకే అతనికి ఈ గొడవలో భాగం లేదు. మా అవ్వ సందుగ చెదలు పట్టి పొడైపోయినప్పుడు మంజుల అన్నం మానేసి ఏడ్చింది. "నా పెండ్లికి బీరువా వద్దన్నా, అవ్వకున్నసుంటి సందుగ కావాలె" అని ఎప్పుడూ అంటుండేది. సరే, అన్నగా నేనే చేసి ఇస్తాను, పెళ్లిరోజు దాకా ఎవరికీ తెలియనివ్వను అనుకున్నాను. ఒక్క నా భార్య రేణుకకు మాత్రం చెప్పాను. చెప్పకుంటే, రంపపు పొట్టు అంటిన చొక్కాలు ఎందుకని ఎటూ అడుగుతుంది.

కొట్టంలో ఓ మూల నా కార్ఖానా వెలిసింది. పలకలు కొనుక్కొచ్చాను. కాళ్లకు మాత్రం సరైన కొయ్య దొరకలేదు. వెతుకుతుంటే గోడ వారన ఐదడుగుల పాత టేకు కొయ్య ఒకటి కనబడింది. నలుచదరంగా, నున్నగా, వంకర లేకుండా ఉంది. దాని ఒక వైపున ఈ చివర నుంచి ఆ చివర దాకా గాడి కొట్టి ఉంది. పలక పెట్టి చూశాను. గాడిలోకి సరిగ్గా దిగింది. నా కళ్లు చెమర్చాయి. దేవుడు నా కోసమే ఈ గాడి కొట్టి పెట్టాడనుకున్నాను.

"గిది దేంది?" అని రేణుక అడిగింది.

"ఏదో పాత దూలం ముక్క."

"మామయ్యను ఒకపారి అడుగరాదు?"

"అడిగితే ఎందుకని అడుగుతడు. చెప్తే మంజులకు తెలుస్తది. బాపు నోట్ల మాట ఆగుతదా?"

ఆ మాట గుర్తుపెట్టుకోండి. అదే సమయంలో బాపు కూడా నా గురించి అచ్చం అలాగే అనుకుంటున్నాడు.

కొయ్యను నాలుగు ముక్కలు చేశాను. నాలుగు కాళ్లు తయారయ్యాయి. సందుగ లేచి నిలబడింది. మూత కాస్త పైకి లేచి ఉండేది కానీ, అది తర్వాత సంగతి. పని లేనప్పుడు దాన్ని గడ్డిమోపుల వెనక పరదా కప్పి దాచేవాణ్ణి.

వారం తిరగకముందే బాపు ప్రవర్తన మారింది. పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మీ బాపుకు ఏమో అయింది కొడుకా. తెల్లారంగనే లేచి నీళ్లపొయ్యిల బూడిద కెలుకుతున్నడు."

"ఏమన్న పడేసుకున్నడా?"

"అడిగితే, ఏం లేదు నీ పని నువ్వు చూసుకో అంటున్నడు. అని మల్ల నా దిక్కే ఎగాదిగా చూస్తున్నడు. నేనేం చేసిన్నో నాకే తెల్వదు."

రేణుక కూడా వచ్చి చేరింది. "నిన్న మా మంచం కింద టార్చి ఏసి చూసిండు అత్తమ్మా. నేను గదిలనే ఉన్న. నన్ను చూసి, పిల్లి వచ్చిందా బిడ్డా అని అడిగి పోయిండు."

"మనింట్ల పిల్లి యాడున్నదే?"

నాకు భయమేసింది. బాపు రెండు చేతులూ బారగా చాపి, గాలిలో ఏదో కొలిచి, నిట్టూర్చి చేతులు దించుకోవడం నేనే రెండుసార్లు చూశాను. వయసు పైబడినవాళ్లకు ఇలాంటివి మొదలవుతాయని దుకాణానికొచ్చే ఒక ప్లంబర్ చెప్పాడు. వైద్యం మీద ప్లంబర్ మాట నమ్మేవాణ్ణి లోకంలో నన్నొక్కణ్ణే చూస్తారు. మర్నాడే బండి మీద ఎక్కించుకుని బాపును రామన్నపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

"ఏం తకలీఫ్?" అన్నాడు డాక్టరు.

"లేని వస్తువు కోసం దేవులాడుతున్నడు సార్" అన్నాను నేను.

"వస్తువు ఉన్నది. జాగల లేదు" అన్నాడు బాపు.

"ఏం వస్తువు?"

బాపు ఒకసారి నన్ను చూసి, ఒకసారి గోడను చూసి, "గది చెప్పరాదు సార్" అన్నాడు.

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎవరికి మందు రాయాలో ఆయనకు అర్థం కాలేదని ఆ చూపులోనే తెలిసింది. చివరికి బలానికి గోళీలు రాసి, "ఇద్దరు ఏసుకోండ్రి" అన్నాడు.

వస్తూ వస్తూ చాయ్ తాగడానికి ఆగాం. బాపు సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"అరేయ్ సైదులు, నాకు పిచ్చి లేసిందనుకుంటున్నవా?"

"లేదు బాపు. జర ఫికర్ అయింది, గంతే."

"ఎవ్వలకు చెప్పనని ఒట్టేయి." ఒట్టేశాను. "మంజుల పెండ్లిచీర నేనే నేద్దామనుకున్న. నీ పెండ్లికి నీ పెండ్లానికి నేసిన. బిడ్డకు నెయ్యకపోతె ఎట్ల? ఆఖరు చీర, ఇంక మగ్గం జోలికి పోను. పడుగు గూడ తయారయింది, నా దోస్తు ఇంట్ల దాచిపెట్టిన. మగ్గం ఎక్కిద్దామని కొయ్యలు లెక్క చూసుకుంటే నేసిన బట్ట చుట్టే కొయ్య లేదు. అది లేకుంటే చీర లేదు. మీ అమ్మ పొయ్యిల పెట్టిందేమోనని నా అనుమానం."

పెళ్లికి ఇంకా నెలన్నరే ఉంది. వెంటనే వీరుడిలా లేచి నిలబడ్డాను.

"నేను దేవులాడి తెస్త బాపు! భూమిల ఉన్నా తెస్త!"

"గుర్తుపడతవా?"

"ఏం మాట బాపు? పుట్టినకాడి నుంచి చూస్తలేనా?"

నిజమే, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. కళ్లు మూసుకుంటే ఇప్పుడూ కనిపిస్తుంది, బాపు ఒడికి ఆనుకుని, లావుగా, మెత్తగా, రంగురంగులుగా. అలాంటిది మా ఇంట్లో ఎక్కడ పెట్టినా తెలియకుండా ఉంటుందా?

ఇక మొదలైంది నా దర్యాప్తు. పాత సామాన్లు కొనేవాళ్లందరినీ నిలదీశాను. అమ్మను తెలివిగా విచారించబోయి, "నన్ను గూడ దొంగను చేస్తున్నవారా?" అని చీవాట్లు తిన్నాను. బాపూ నేనూ కలిసి కొట్టం మొత్తం గాలించాం, గడ్డిమోపులు కూడా జరిపి చూశాం. అలసిపోయి బాపు పరదా కప్పిన నా సందుగ మీద కూర్చున్నాడు.

"గిదేందిరా?"

"దుకాణం సామాను బాపు."

"కూసుంటందుకు మంచిగున్నది" అని మోకాళ్లు రుద్దుకున్నాడు. నేను కూడా పక్కన కూర్చున్నాను. ఆ కొయ్యను ఏ దుర్మార్గుడు ఎత్తుకుపోయి ఉంటాడని తండ్రీకొడుకులం దాని మీదే కూర్చుని అరగంట చర్చించుకున్నాం. దొరికితే వాడి చేతులు విరగ్గొట్టాలని నేనే తీర్మానించాను.

దొంగ దొరకలేదు. సందుగ మూత కూడా పడలేదు. దాని మీద ఎక్కి తొక్కితే కుడిపక్క మూసుకుని ఎడమపక్క లేచేది. ఇక లాభం లేదని, ఊళ్లో వడ్రంగి పని చేసే ఎల్లాచారి మామను రహస్యంగా పిలుచుకొచ్చాను. పరదా తీశాను. ఆయన సందుగ చుట్టూ ఒకసారి తిరిగాడు. కాళ్ల దగ్గర కూర్చుని, గాడిలో వేలు పెట్టి, అలాగే ఉండిపోయాడు.

"గీ గాడి ఎవరు కొట్టిన్రు?"

"ముందే ఉన్నది మామా. నా అదృష్టం."

"గీ కాలుకు రెండు బెజ్జాలున్నయేంది?"

"అవి కూడ ముందే ఉన్నయి."

"మీ బాపుకు చూపెట్టినవా?"

"పెండ్లినాడు చూపెడ్త."

"పెండ్లినాడు గాదు, ఇప్పుడే చూపెట్టు. కని నేను ఇంటికి పొయినంక చూపెట్టు."

"ఎందుకు మామా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. నాకు నిజంగానే ఏమీ తెలియదని అర్థమైనట్టుంది. మెల్లగా భుజం మీది తువ్వాల తీసి, సందుగ కాలికి గట్టిగా రెండు చుట్లు చుట్టాడు.

"ఇప్పుడు చెప్పు. దేని లెక్కున్నది?"

బాపు ఒడికి ఆనుకుని ఉండే కొయ్యే అది. ముప్పై ఏళ్లలో ఆ కొయ్య మీద బట్ట లేని రోజు లేదు. ఒక చీర కోసి తీస్తే ఇంకొక చీర చుట్టుకునేది. దాన్ని వట్టి కొయ్యగా నేనెన్నడూ చూడనేలేదు. బట్టను గుర్తుపెట్టుకున్నాను కానీ, కొయ్యను కాదు. బాపు ఆఖరు చీరను నేనే నాలుగు ముక్కలుగా కోసి కాళ్లు చేసి పెట్టాను.

చారి మామ పోకముందే బాపు రానే వచ్చాడు. నేను వేలు చూపించాను. బాపు కింద కూర్చుని నాలుగు కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి నిమిరాడు. నాకు ఏడుపు ఆగలేదు. మంజుల కోసం చేశానని, తెలియక కోశానని ఏడుస్తూనే చెప్పాను.

"నాలుగు ముక్కలు సమానం కోసినవా?" అన్నాడు బాపు.

"అడుగుంబావు చొప్పున, బాపు."

"పుట్టి బుద్ధెరిగినంక ఒక్క పని సక్కగ చేసినవ్. దానికి గీ కొయ్యనే దొరికిందిరా?"

ఏడుపు విని అందరూ పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలియగానే అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే నేను పొయ్యిల పెట్టిన్నని నన్ను పదిహేను దినాలు దొంగ లెక్క చూసినవా?" అని బాపు మీద పడింది. బాధితుడు బాపు, నేరస్థుణ్ణి నేను, కానీ ఆ గంటసేపూ తిట్లన్నీ తిన్నది బాపే. మంజులకు రెండు రహస్యాలూ ఒక్కసారే తెలిశాయి. అది నవ్వుతోందో ఏడుస్తోందో మాకెవరికీ అర్థం కాలేదు. సందుగను మాత్రం రెండు చేతులతో పట్టుకుని, "దీన్ని విప్పొద్దు. నాకు చీర గూడ కావాలె" అంది.

"కొత్త కొయ్య నేను రెండు దినాల్ల చేసిస్త" అన్నాడు చారి మామ. "కని పచ్చి కొయ్య వంగుతది. ఐదడుగుల పాత టేకు కావాలె, వంకర లేనిది. ఇంట్ల ఏమన్న ఉన్నదా?"

అందరం ఇంటివైపు చూశాం. తెరిచిన తలుపులోంచి మా గది, గదిలో మా మంచం, మంచానికి పొడుగాటి టేకు పట్టె కనిపించాయి.

"నా మంచమా?" అంది రేణుక. "మా అమ్మోళ్లు పెట్టిన మంచమా?"

మంజుల వదిన చెయ్యి పట్టుకుంది. రేణుక ఒకసారి ఆడబిడ్డను, ఒకసారి నన్ను చూసింది. "తీస్కోండ్రి. కని ఈయన మాత్రం రంపం ముట్టొద్దు" అంది.

మంచం పట్టె మగ్గం ఎక్కింది. బాపు మోకాళ్లకు పట్టీలు కట్టుకుని గుంటలో దిగాడు. రేణుక కండెలకు నూలు చుట్టింది. రాత్రీపగలూ బాపు మోకాళ్లకు మందు రాయడం నాకు పడిన శిక్ష. పెళ్లికి నాలుగు రోజుల ముందు చీర కోసి తీశాడు. మంజుల దాన్ని భుజం మీద వేసుకుని నిలబడితే, బాపు ముఖం చూడలేక బయటికి వెళ్లిపోయాను. మంచం మాత్రం వెంటనే బాగుపడలేదు. నేను చేస్తానంటే రేణుక ఒప్పుకోదు, పెళ్లిళ్ల కాలంలో చారి మామకు తీరిక లేదు. మూడు నెలల నేల పడక అలా వచ్చింది.

పెళ్లిలో సందుగను చూసి మగపెళ్లివాళ్లు మెచ్చుకున్నారు. ఎవరు చేశారని బాపును అడిగారు. నేను ఛాతీ విరుచుకుని పక్కన నిలబడ్డాను.

"కాళ్లు నావి, మూత మావోనిది" అన్నాడు బాపు. "అందుకే మంచిగ నిలబడ్డది గని, మూత పడుతలేదు."

ఆ పందిట్లోనే, అందరి నవ్వుల మధ్య, ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో రంపం పట్టను. ఒకవేళ పట్టక తప్పకపోతే, ఎంతటి చిన్న కొయ్యకైనా సరే ముందు తువ్వాల చుట్టి, పది అడుగులు వెనక్కి నడిచి, అది ఎవరి బతుకులో ఏ కొయ్యో గుర్తుపట్టాకే పని మొదలుపెడతాను.

మొన్న పెరట్లో చిక్కుడు పాదుకు ఊతం కావాల్సి వస్తే ఒక కట్టె తీసుకున్నాను. భుజం మీది తువ్వాల తీసి చక్కగా చుట్టి, వెనక్కి నడిచి, తల వంచి చూస్తున్నాను. కిటికీలోంచి రేణుక గొంతు వినిపించింది.

"దానికి గూడ సలి పెడుతున్నదా?"

ఇంకో చుట్టు చుట్టాను.